ప్రార్థనలోకి రాని పచ్చడి

మా అత్తయ్య నోట ‘బాగుంది’ అన్న మాట వినాలని నేను పంతొమ్మిదేళ్లు కాచుక్కూర్చున్నాను. పెద్ద కోరికేం కాదు, మూడక్షరాలు. కానీ ఆ మాట ఆవిడ దగ్గర లేదని పెళ్లయిన మొదటి వారంలోనే అర్థమైంది.

నా వంట మీద ఆవిడ ఇచ్చే తీర్పులు మూడే. ‘తినొచ్చు’ అంటే ఆ రోజు నేను చాలా జాగ్రత్తగా వండానని. ‘ఉప్పు సూసేవా?’ అంటే చూడలేదని. మూడోది మాట కాదు, మౌనం. దాని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆవిడ ఒడిశాలో మేముండే కొరాపుట్‌లో నర్సుగా చేసి రిటైరైన మనిషి. జ్వరం పూర్తిగా దిగిపోయిన రోగికి కూడా ‘పర్లేదు’ అనే చెప్పేదట, ‘తగ్గింది’ అంటే ఎక్కడ లేచి తిరిగేస్తాడోనని. నా కూరల మీదా అదే వైద్యం నడిచింది.

నేను గొప్పగా వండుతానని కోతలు కొయ్యను. బడిలో పిల్లలతో అరిచి అరిచి ఇంటికొచ్చాక వండే వంట ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఒక్క పచ్చడి మాత్రం నాకు బాగా వచ్చు. పండుమిరపకాయలూ చింతపండూ కలిపి దంచి, వెల్లుల్లి దట్టంగా వేసి మా అమ్మ పెట్టే పచ్చడి. పెళ్లయిన కొత్తలో పార్వతీపురం నుంచి ఒక సీసా తెచ్చాను. అత్తయ్య మూత తీసి, వాసన చూసి, “మీ ఓళ్ల కారం మా ఓళ్లకి పడదమ్మి” అంది. అంతే, మూత బిగించేశాను. అప్పట్నుంచి ఏటా ఒక చిన్న సీసా పెడతాను. అల్మారాలో పప్పుల డబ్బాల వెనక ఉంచుతాను. నేనూ మా ఆయనా తింటాం. ఆవిడ కంచంలో మళ్లీ వెయ్యలేదు, వెయ్యనా అని అడగనూ లేదు. పడదన్నవాళ్లని బతిమాలడానికి నాకేం పట్టింది? పౌరుషం నాకూ ఉంది.

మా ఇంటి భోజనం సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే తరవాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. మా మామయ్య కొరాపుట్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. ఆఫీసులో గుమస్తాగా ఉన్నంతకాలం నోరెత్తని మనిషి, ప్రార్థనకి కళ్లు మూసుకుంటే చాలు, ఆగడు. మా ఇంట్లో వండినవన్నీ, అన్నం దగ్గర్నుంచి మంచినీళ్ల వరకూ, బల్ల మీదికి వచ్చాకే ఆయన ప్రార్థన మొదలవుతుంది. ఆమెన్ అన్నాకే చెయ్యి కంచంలోకి వెళ్తుంది. ఒక భోజనానికి ఒకటే ప్రార్థన. ఆమెన్ తరవాత ఏదైనా వంటింట్లో మర్చిపోయామని తెస్తే అత్తయ్య దాన్ని ముట్టుకోదు. “ప్రార్థనలోకి రాలేదు” అని పక్కకి జరిపేస్తుంది. అలా ఎన్ని అప్పడాలు ప్రార్థనలోకి రాకుండా మెత్తబడిపోయాయో లెక్కలేదు. అందుకే బల్ల సర్దడమంటే నాకు బడి తనిఖీ రోజంత హడావిడి.

సరే. అత్తయ్యకి డెబ్భై నిండే ఏడు వచ్చింది. అప్పటికి కొన్ని నెలలుగా మా స్టాఫ్ రూమ్‌లో ఒకటే మాట, రాయగడలో కొత్తగా పెట్టిన హోటల్. హోటల్ అంటే ఊరుకునేవాళ్లు కాదు, రెస్టారెంట్ అనాలి. ఒక టీచరు భర్త పుట్టినరోజుకి వెళ్లొచ్చి వారం రోజులు క్లాసులు సగం మానేసి మరీ వర్ణించింది. ఇంకొకావిడ ఫోన్‌లో వీడియోలు చూపించింది, గాజుబుట్ట కింద పొగ, నల్లరాయి మీద ఒక పువ్వు, వయొలిన్ పాట. మా హెడ్‌మిస్ట్రెస్ అయితే “భువనేశ్వర్‌లో కూడా ఇలాంటిది లేదు” అని తేల్చేసింది. ఇంతకీ ఏం తిన్నారు అని అడిగితే మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పలేదు. “అబ్బ, అది వెళ్లి చూడాల్సిందే” అన్నారు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

రాలేదు సరికదా, ఆశ పుట్టింది. నా చేతి వంటతో ఎలాగూ ఆ మాట రాదు. పోనీ లోకమంతా మెచ్చిన వంట తినిపిస్తే? తీసుకెళ్లింది నేనే కదా, ఆ ‘బాగుంది’లో నాకూ కాస్త వాటా వస్తుంది. నవ్వకండి. ఒకే ఇంట్లో అన్నేళ్లుండి, ఈ పిల్ల మన ఇంటికి సరిపోయిందా లేదా అన్నది ఆ మనిషి నోట వినకపోతే ఎలా ఉంటుందో కోడళ్లకి తెలుసు. నాకు కావలసింది తిండి మీద సర్టిఫికెట్ కాదు, నా మీద.

ఫోన్ చేసి నలుగురికి బల్ల బుక్ చేశాను. మధ్యాహ్నం భోజనం, ఏడు రకాలు, ప్రత్యేకం అన్నారు. ఏడు రకాలు అనగానే నా బుర్రలో మన పెళ్లిభోజనం విస్తరి మెదిలింది. ముందురోజే ఇంట్లో ఉత్తర్వు జారీ చేశాను, పొద్దున్న ఎవరూ ఏమీ తినకూడదు, టీతో సరి. మామయ్య రెండు బిస్కట్లు అడిగాడు. ఇవ్వలేదు.

కారు మా ఆయన నడిపాడు. కొరాపుట్ నుంచి రాయగడకి ఘాట్ రోడ్డు తిరిగి తిరిగి వెళ్లేసరికి ఖాళీ కడుపులు మరీ ఖాళీ అయ్యాయి. అత్తయ్య కొత్త చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆ సంచిలో డబ్బా ఏమైనా దాచిందేమోనని బయల్దేరేముందు నేనే వెతికాను. కళ్లజోడు, జెలుసిల్ సీసా, బైబిలు తప్ప ఏమీ లేవు.

“ఏడు రకాలంటే ఏటేటి ఉంటాయమ్మి?” అని అడిగింది దారిలో.

“వెళ్లాక చూద్దురుగాని అత్తయ్యా” అన్నాను, నాకే తెలియదు కాబట్టి.

లోపలికి అడుగు పెట్టగానే చీకటి. మిట్టమధ్యాహ్నం పూట తెరలన్నీ దించేసి, బల్లకో చిన్న దీపం పెట్టారు. “కరెంటు పోయినట్టుంది పాపం” అంది అత్తయ్య. నల్లకోటు వేసుకున్న నడివయసు పెద్దమనిషి ఒకాయన, అక్కడి వడ్డనకంతా పెద్ద, ఎదురొచ్చి కుర్చీ లాగి ఆవిడని కూర్చోబెట్టాడు. ఒళ్లో తెల్లగుడ్డ పరిచాడు. ఆపరేషన్ గదిలో పనిచేసిన మనిషి కదా, ఆ గుడ్డని దీపం దగ్గరికి తీసుకెళ్లి మరకలున్నాయేమో చూసింది. లేవు. “సుబ్రంగా ఉతికేరు” అంది. మొదటి మార్కు పడింది.

తరవాత మొదటి రకం వచ్చింది. నలుగురికీ నాలుగు నల్లరాతి పలకలు. పలక మధ్యలో రాగుల అప్పడం ముక్క ఒకటి, రూపాయి బిళ్లంత. దాని మీద ఆకుపచ్చ చుక్క. నల్లకోటాయన చేతులు వెనక్కి కట్టుకుని ఇంగ్లిష్‌లో దాని జీవితచరిత్ర చెప్పాడు. కొండ మీద పండిన మండియా అట, దేనిలోనో నానబెట్టి దేనిలోనో ఆరబెట్టారట. మండియా అంటే మేం చోళ్లు అంటాం. మా వీధి చివర మార్కెట్లో బస్తాల్లో పోసి అమ్ముతారు. ఆయన చెప్పడం అయ్యాక మేం నలుగురం తలలూపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం.

ఎందుకంటే ఇంకా ఆరు రకాలు రావాలి కదా.

పది నిమిషాలు గడిచాయి. ఆయన వచ్చి, వంగి, పలకల వంక చూసి మా ఆయన్ని అడిగాడు, “మే ఐ క్లియర్, సర్?” మా ఆయన ఆఫీసులో పనిచేస్తాడు. కోటు వేసుకున్నవాళ్లు ఇంగ్లిష్‌లో ఏమడిగినా ఆయన నోట ఒకటే జవాబు వస్తుంది. “ఎస్, ఎస్, థాంక్యూ.” పలకలు వెళ్లిపోయాయి.

“ఏటి, పట్టుకెళ్లిపోతన్నారు?” అన్నాడు మామయ్య.

“సల్లారిపోయింది కదండీ. ఏడి సెయ్యడానికి. అన్నీ అయ్యేక ఏడిఏడిగా ఒకేసారి పెడతారు” అంది అత్తయ్య. అని కాస్త ఆగి, “మంచి పద్దతే” అంది.

మంచి పద్ధతి! పంతొమ్మిదేళ్లలో ఇంత దగ్గరికి నేనెప్పుడూ రాలేదు. సంతోషంలో నాకు బుద్ధి పనిచెయ్యలేదు. అప్పడాన్ని మళ్లీ వేడి చేసే హోటల్ ఎక్కడుంటుంది అన్న ఆలోచనే రాలేదు. మా సంఘం విందుల్లో ఆడవాళ్లు అలాగే చేస్తారు. ప్రసంగం ఎక్కువైతే కూరలు వెనక్కి పట్టుకెళ్లి మళ్లీ పొయ్యి మీద పెడతారు. ఇక్కడా అంతే అనుకున్నాను.

రెండోది గాజుబుట్ట కింద పొగతో వచ్చింది. బుట్ట ఎత్తగానే పొగ మొహాల మీదికి కొట్టింది. మామయ్య దగ్గాడు. అడుగున పుట్టగొడుగు ముక్క ఒకటుంది. చేతులు ఒళ్లోనే పెట్టుకున్నాం. మూడోది చారు, టీ కప్పులో సగం. అదీ అలాగే చూస్తూ కూర్చున్నాం. చుట్టుపక్కల బల్లల వాళ్లు ఫొటోలు తీసుకుంటూ, తింటూ, మమ్మల్ని చూస్తున్నారు. నల్లకోటాయన మధ్యమధ్యలో వచ్చి “హౌ ఈజ్ ఇట్, మేడమ్?” అని అత్తయ్యని అడుగుతున్నాడు. ఆవిడ నావైపు తిరిగి, “తినకుండా ఎలాగుందో ఎలగ సెప్తాం? ఇలగ గంటకి పదిసార్లడిగితే బాగున్నది కూడా బాగోదు” అంది. మా ఆయన మాత్రం ప్రతిసారీ “వెరీ నైస్” అన్నాడు. “మే ఐ క్లియర్” అన్నప్పుడల్లా “ఎస్, ఎస్” అన్నాడు.

మూడు రకాలు వచ్చాయి, మూడూ వెళ్లాయి. మా కడుపుల్లో ఎలుకలు పరిగెడుతున్నాయి. చివరికి అత్తయ్యే నల్లకోటాయన్ని చెయ్యెత్తి పిలిచింది. ఒడియా ఆవిడకి మాతృభాషతో సమానం, వార్డుల్లో నేర్చుకున్నది. పట్టుకెళ్లినవి వేడయ్యాయా బాబూ, అయితే మిగతావాటితో కలిపి పెట్టెయ్యండి, ముసలాయన ఆకలికి ఆగలేడు అని మర్యాదగానే చెప్పింది.

ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. అప్పుడు అర్థమైంది. ఆయన మొహంలో రంగు పోయింది. లోపలికి వెళ్లి, ఎవరినో అడిగి వచ్చి, చాలా చిన్న గొంతుతో చెప్పాడు. మాకు నచ్చలేదేమో అనుకున్నారట. సర్ తీసెయ్యమన్నారట. అవన్నీ పారేశారట.

“పారేసేరా?” అంది అత్తయ్య తెలుగులోనే.

ఆ గొంతు నాకు తెలుసు. ఒకప్పుడు వార్డు మొత్తం ఆ గొంతుకి లేచి కూర్చునేదని మామయ్య చెబుతుంటాడు. “రోగి గిన్నె ముట్టకపోతే ఎందుకు ముట్టలేదని అడుగుతాం. గిన్నె లాక్కెళ్లి పారబొయ్యం” అని ఒడియాలో ఆయనకి వినిపించి, మా ఆయన వైపు తిరిగింది. “ఒరే, నువ్వేటి, ఎస్ ఎస్ అంటన్నావు ఇందాకట్నుంచీ?”

మా ఆయన ఒళ్లోని తెల్లగుడ్డని మడత పెట్టడంలో మునిగిపోయాడు.

నల్లకోటాయన మంచివాడే. మళ్లీ చేయిస్తామన్నాడు, కాస్త ఆలస్యమవుతుందన్నాడు. అక్కడ ఒప్పుకుని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. కానీ పక్క బల్లలవాళ్లు చెవులు ఇటే పడేసి వింటున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది, వాళ్ల మీదో, మా ఆయన మీదో, నా మీదో తెలియడం లేదు. “అక్కర్లేదు, మిగతావి తీసుకురండి” అన్నాను. పరువు కాపాడుకున్నాననుకున్నాను. పోయింది మూడు రకాల తిండి.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. మిగిలిన నాలుగూ ఒకేసారి పెట్టమని మామయ్య అడిగించాడు. అలా పెడితే అనుభవం పాడైపోతుంది సర్ అన్నాడు నల్లకోటాయన.

“పోనీ రాబోయే నాలుగింటికీ కలిపి ఇప్పుడే ప్రార్థన సేసేస్తాను” అన్నాడు మామయ్య, ఆకలి మనిషి చేత ఎంత మాటైనా అనిపిస్తుంది.

“కంటికి కనబడని కూటికి వందనాలు ఎలగ సెప్తారండీ?” అంది అత్తయ్య. “నాకు దేవుడి మీద నమ్మకముంది. ఈళ్ల మీద నేదు. ఉండేది ఒక్క ప్రార్థనే, ముందేది వస్తే దానికే.”

నాలుగోది వచ్చింది. కాలాజీరా అనే మా కొరాపుట్ సన్నబియ్యం అన్నం, నిమ్మకాయంత ముద్ద. పక్కన బొటనవేలంత చేపముక్క. అదే అసలు భోజనమట. మామయ్య కళ్లు మూసుకున్నాడు.

ఆయన్ని తప్పు పట్టను. డెబ్భయ్యో పుట్టినరోజు కదా, చెప్పుకోవాల్సింది చాలా ఉంది. అత్తయ్య పుట్టుక దగ్గర మొదలుపెట్టాడు. నర్సింగ్ చదువు, మొదటి ఉద్యోగం, మలేరియా రోజులు వచ్చాయి. తరవాత రోగులు, రైతులు, వర్షాలు, ఘాట్ రోడ్డు మీద లారీ డ్రైవర్లు వచ్చారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. నల్లకోటాయన చిన్న గరిటెతో ఏదో పోసి చేపముక్కల మీద మంట వెలిగిస్తున్నాడు. నీలంగా, అందంగా లేచింది మంట. వీడియోల్లో అందరూ ఆహా అన్నది దాన్నే. మా బల్ల దగ్గర మూడు జతల కళ్లు మూసుకునే ఉన్నాయి. మంట ఆరిపోయింది. మామయ్య అప్పటికి ముఖ్యమంత్రి దాకా వచ్చాడు. ఆయన్ని ఆపడానికి ధైర్యం చాలక నల్లకోటాయన కూడా తల వంచుకుని నిలబడ్డాడు. ఇంతలో లోపల్నుంచి ఎవరో అయిదోది తెచ్చి చప్పుడు కాకుండా పెట్టి వెళ్లారు. అల్లం, నిమ్మరసం కలిపిన ఐసు ముద్ద. నేను చూస్తుండగానే అది వంగింది, కూర్చుంది, నీళ్లయింది. ఆమెన్.

చేపముక్క చల్లగా ఉంది, ఐసు వెచ్చగా ఉంది. ఐసు ప్రార్థనలోకి వచ్చినట్టా రానట్టా అని చర్చ జరిగింది. మధ్యలో వచ్చింది కాబట్టి పర్లేదని తీర్పు చెప్పి, అత్తయ్య దాన్ని ఒక్క గుక్కలో తాగి, “నిమ్మనీళ్లు” అంది. ఆరోది మాంసం, ఏడోది ఛెనాపోడ. ఒడియావాళ్లు విరిచిన పాలముద్దని కాల్చి చేసే ఆ మిఠాయంటే అత్తయ్యకి ప్రాణం. ఇక్కడ దాన్ని పొడి చేసి, పక్కన కాఫీ నురగ పూశారు. రెండూ ఆమెన్ తరవాతే వచ్చాయి. రెండూ ప్రార్థనలోకి రాలేదు. “ఇవాళ ఒక్కరోజుకి తినండత్తయ్యా” అని బతిమాలాను. “ఇన్నాళ్లూ నేంది ఇవాళేటి కొత్తగా?” అని ఆ పలకని నావైపు జరిపింది. కోపంతో నేను తినేశాను. రుచి ఎలా ఉందని అడక్కండి, కోపం రుచే వచ్చింది.

అంటే ఏడు రకాల విందులో మా అత్తయ్య డెబ్భయ్యో పుట్టినరోజున తిన్నది నిమ్మకాయంత అన్నం, బొటనవేలంత చేప. లేచేటప్పుడు ఆ తెల్లగుడ్డని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచింది. ‘తినొచ్చు’ అనలేదు. ఉప్పు సంగతి అనలేదు. మూడో తీర్పే వచ్చింది.

కారులో నాకు ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని కొండలు చూస్తున్నట్టు కూర్చున్నాను. స్టాఫ్ రూమ్‌లో సోమవారం ఏం చెప్పాలన్నది కాదు నా బాధ. ఒక్కరోజు, ఒక్క పూట ఆవిడని మురిపించాలనుకున్నాను. డెబ్భై ఏళ్ల మనిషిని పస్తు పడుకోబెట్టినంత పని చేశాను. పొద్దున్న ఆ రెండు బిస్కట్లయినా ఇచ్చాను కాను.

లక్ష్మీపూర్ దగ్గర మామయ్య బండి ఆపమన్నాడు. రోడ్డు పక్క బండి మీద బొరాలు, అదే మినపవడలు, వేగుతున్నాయి. “పుట్టినరోజు పూట రోడ్డు మీదేటి? ఇంటికెల్లి తిందాం” అంది అత్తయ్య. ఆ తరవాత కొరాపుట్ దాకా ఎవరూ మాట్లాడలేదు. మామయ్య కడుపు మాత్రం మలుపుమలుపుకీ మాట్లాడింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది, చలి దిగుతోంది. మామూలుగా అయితే నేను వంటింట్లోకి వెళ్తే వెనకే అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఆ రోజు రాలేదు. బల్ల దగ్గర కూర్చుని, కాళ్లు ఎదురు కుర్చీ మీద చాపుకుని, “అమ్మి, ఏదో ఒకటి పెట్టు” అంది. కుక్కర్లో అన్నం, టమాటా పప్పు పడేశాను. నాలుగు గుడ్లట్లు వేశాను. పప్పులో ఉప్పు చూడలేదు, చూసే ఓపిక లేదు. అన్నీ తెచ్చి బల్ల మీద పెట్టి కూర్చున్నాను. మామయ్య చేతులు జోడించాడు. ఈ రోజు జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్తాడు, పప్పు కూడా చల్లారిపోతుంది అనుకున్నాను.

“ప్రభువా, ఆకలి. నీకన్నీ తెలుసు. ఆమెన్.”

కళ్లు మూసుకోవడానికి కూడా మాకు టైము చాలలేదు. ఇప్పటికీ మా ఇంట్లో అంతకన్నా చిన్న ప్రార్థన లేదు. ఆయన అప్పటికే గుడ్డట్టు విరుస్తున్నాడు.

అత్తయ్య పప్పన్నం కలుపుకుని, చెయ్యి ఆపి, బల్లంతా ఒకసారి చూసింది. “అమ్మి, ఆ నీ పచ్చడేది?” అంది.

ఏ పచ్చడి అన్నాను, నిజంగానే తట్టక.

“అదే. పప్పుల డబ్బాల ఎనకాల దాసుకుని నువ్వూ ఆడూ తింటారు కదా. తే.”

నేను సీసా తెచ్చేసరికి మా ఆయన, మధ్యాహ్నం తిన్న తిట్లకి బదులు తీర్చుకోవాలనుకున్నాడేమో, “అమ్మా, అది ప్రార్థనలోకి రాలేదే” అన్నాడు.

“ఆయనకన్నీ తెలుసని మీ నాన్న ఇప్పుడే సెప్పేరు కదరా. ఈ పచ్చడొకటీ తెలీదేటి?” అని కంచం నా ముందుకి తోసింది.

చెంచా పట్టుకుని నేను ఆగిపోయాను. “మా కారం మీకు పడదన్నారు కదా అత్తయ్యా” అన్నాను. పంతొమ్మిదేళ్లు లోపల దాచుకున్న మాట.

“అప్పుడెప్పుడో కొత్తల్లో అన్నాను. మళ్లీ ఒక్కసారైనా ఎయ్యనా అని అడిగేవా?”

అడగలేదు. నిజమే. వేశాను. కలుపుకుని తింది. ముక్కు ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, చెంగుతో తుడుచుకుంది. నేను ఆ నల్లకోటాయన లాగా పక్కన నిలబడ్డాను, అడగాలని నాలుక చివర దాకా వచ్చింది. గంటకి పదిసార్లు అడిగితే బాగున్నది కూడా బాగోదన్నది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆవిడ ఇంకొంచెం అన్నం పెట్టుకుని, సీసా తనే దగ్గరికి లాక్కుని, ఇంకో చెంచా వేసుకుంది. ఆమెన్ అయ్యాక వచ్చిన దాన్ని, రెండోసారి, అడక్కుండా.

“ఏటే, నిలబడిపోయేవు?” అంది తలెత్తి.

“ఎలా ఉందో చెప్తారేమో అని” అనేశాను చివరికి.

ఆవిడ నావైపు వింతగా చూసింది. “ఇన్నేళ్లయి నువ్వు ఒండిందే తింటన్నాను. కంచంలో ఎప్పుడైనా మెతుకు ఒగ్గేనా? ఇంకా నోటితో సెప్పాలేటి?”

నేను ఆలోచించాను. వదల్లేదు. ‘ఉప్పు సూసేవా’ అన్న రోజున కూడా, మౌనంగా తిన్న రోజున కూడా, ఆ కంచం కడగనక్కర్లేనట్టే వచ్చేది వంటింట్లోకి. మధ్యాహ్నం అన్ని పలకలు వెనక్కి పంపిన మనిషే ఈవిడ. నేనే ఎన్నడూ కంచం చూడలేదు, నోటికేసి చూస్తూ కూర్చున్నాను. అయినా సరే, నాకు నోటితో కావాలి.

“చెప్పాలత్తయ్యా” అన్నాను.

“సర్లే” అంది. “బాగుంది. మంట మండిపోతంది, నీళ్లు పొయ్యి.”

నీళ్లు పోశాను. గ్లాసు నిండి బల్ల మీదికి కారేదాకా పోస్తూనే ఉన్నానట.